పిడి తిప్పితే పేలే గన్ను: గాట్లింగ్ కథ, తెర మీద దాని వేషాలు

అడిగిన ప్రశ్న ఇది: "కార్తి ‘ఖైదీ’ క్లైమాక్స్‌లో గిరగిరా తిరిగే గన్నూ, పాత కౌబాయ్ సినిమాల్లో చేత్తో పిడి తిప్పి కాల్చే గాట్లింగ్ గన్నూ ఒకటేనా? ఒకటే అయితే అంత పాతది మళ్లీ ఎలా వచ్చింది? మనిషి దాన్ని చేత్తో పట్టుకుని నిజంగా కాల్చగలడా?"

పొట్టి జవాబు: ఒకటి కాదు గానీ ఒకే వంశం. ముత్తాత, మునిమనవడు. మధ్యలో దాదాపు ముప్పై అయిదేళ్లు ఆ వంశం పేరే వినపడలేదు. చేత్తో పట్టుకుని కాల్చడం మాత్రం సినిమా వాళ్లు పెట్టిన అలంకారం.

ఇక తీరికగా చెబుతాను. నేను ఆర్మీలో ఈఎంఈలో (ఆయుధాలు, వాహనాలు బాగుచేసే విభాగం) ఆర్మరర్‌గా చేసి రిటైర్ అయ్యాను. అంటే తుపాకులు కాల్చేవాడిని కాదు, విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించేవాడిని. అందుకని సినిమాలో గన్ను కనపడగానే హీరో మొహం చూడను. దానికి తూటాలు ఎటు నుంచి వస్తున్నాయి, పేలాక మిగిలే ఖాళీ ఖోకాలు (తూటా తొడుగులు) ఎటు పోతున్నాయి అని చూస్తాను. ఇంట్లో వాళ్లకి నాతో సినిమా చూడాలంటే విసుగు.

మాది మెట్ట సేద్యం చేసిన కుటుంబం. గాట్లింగ్ గన్ను బొమ్మ మొదటిసారి విడదీసి చూసినప్పుడు నాకు తోచింది తుపాకీ కాదు, గొర్రు. విత్తనం వేసే గొర్రు మీద జడ్డిగం ఉంటుంది చూశారా, అందులో గింజలు పోస్తుంటే గొట్టాల్లోంచి ఒక్కో సాలులోకి సమానంగా రాలతాయి. గాట్లింగ్ గన్ను పైన కూడా సరిగ్గా అలాంటి జడ్డిగమే ఉంటుంది. అందులో తూటాలు పోస్తే వాటి బరువుకి అవే కిందికి జారి ఒక్కో గొట్టం వెనకాల పడతాయి. ఇది నా ఊహాగానం అనుకునేరు. రిచర్డ్ జోర్డాన్ గాట్లింగ్ నిజంగానే విత్తన యంత్రాల మనిషి. 1818లో అమెరికాలో నార్త్ కరోలైనాలో రైతు ఇంట్లో పుట్టాడు. వరి విత్తే యంత్రం చేశాడు, దాన్నే గోధుమకి మార్చాడు, 1844లో పేటెంట్ తీసుకున్నాడు. డబ్బు సంపాదించింది దాని మీదే. తర్వాత వైద్యం చదివి 1850లో పట్టా పుచ్చుకున్నాడు గానీ ప్రాక్టీసు పెట్టలేదు. "డాక్టర్ గాట్లింగ్" అని పుస్తకాల్లో కనిపించేది ఆ పట్టా వల్లే.

అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆయన ఇండియానాపొలిస్‌లో ఉన్నాడు. 1862 నవంబర్ 4న తన గన్నుకి పేటెంట్ వచ్చింది. ఎందుకు చేశాడో 1877లో ఒక ఉత్తరంలో తనే రాసుకున్నాడు. రైళ్లలో గాయపడ్డ సైనికులు, జబ్బుపడ్డవాళ్లు, శవాలు రావడం రోజూ చూసేవాడట. యుద్ధంలో తూటా కన్నా రోగాలకే ఎక్కువమంది పోతున్నారు, వందమంది చేసే పని ఒక్కడు చేసే తుపాకీ ఉంటే అంత పెద్ద సైన్యాలే అక్కర్లేదు, రోగాలపాలయ్యేవాళ్లూ తగ్గుతారు అని ఆయన లెక్క. రోగాల సంగతి నిజమే, ఆ యుద్ధంలో జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువ. మిగతా లెక్క ఎటు పోయిందో మీకు తెలుసు. పదిహేనేళ్ల తర్వాత రాసిన ఉత్తరం కాబట్టి, అప్పటికి గన్నులు అమ్ముకుంటున్న మనిషి కాబట్టి, నేనైతే దాన్ని కాస్త తగ్గించే నమ్ముతాను.

ఇప్పుడు అసలు పనితనం. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు: గొట్టాలు ఎక్కువ ఉన్నాయి గనక అన్నీ ఒకేసారి పేలతాయి అనుకుంటారు. కాదు. ఒక నడి ఇరుసు చుట్టూ ఆరు గొట్టాలు (తర్వాతి మోడళ్లలో పది దాకా) కట్టలా బిగించి ఉంటాయి. ప్రతి గొట్టానికీ వెనకాల దాని సొంత బోల్టు (తూటాని లోపలికి తోసే కడ్డీ), సొంత ఫైరింగ్ పిన్ను (తూటాని పేల్చే సూది). పిడి తిప్పితే గొట్టాలూ బోల్టులూ కలిసి తిరుగుతాయి. చుట్టూ ఉన్న తొడుగు మాత్రం కదలదు. ఆ తొడుగు లోపలి గోడ మీద ఏటవాలుగా ఒక గాడి చెక్కి ఉంటుంది. బోల్టుకి ఉన్న మొటిమ ఆ గాడిలో నడుస్తుంది. చుట్టూ తిరుగుతున్నప్పుడు గాడి ముందుకి వంగితే బోల్టు ముందుకి పోయి తూటాని గొట్టంలోకి తోస్తుంది. ఒక చోటుకి రాగానే పిన్ను విడుదలై తూటా పేలుతుంది. గాడి వెనక్కి వంగగానే బోల్టు ఖాళీ ఖోకాని లాగి కింద పడేస్తుంది. ఏ క్షణంలో చూసినా ఒక గొట్టం పేలుతుంటే, ఇంకోటి నిండుతుంటుంది, ఇంకోటి ఖాళీ అవుతుంటుంది, మిగతావి చల్లారుతుంటాయి. రంగులరాట్నంలో ఒక్కో తొట్టి కిందికి వచ్చినప్పుడే జనం ఎక్కి దిగినట్టు.

ఈ అమరికలో ఉన్న అందం రెండు చోట్ల ఉంది. ఒకటి వేడి. తుపాకీకి తూటాల కన్నా పెద్ద శత్రువు వేడి. నిమిషానికి 600 తూటాలు ఒకే గొట్టం నుంచి పోతే అది కొలిమిలో పెట్టిన గునపం అవుతుంది. అదే ఆరు గొట్టాలు పంచుకుంటే తలా వంద. మనం ఎమ్ఎమ్‌జీకి (మీడియం మెషిన్ గన్నుకి) స్పేర్ బ్యారెల్ ఎందుకు మోస్తామో, తెరిపి ఇవ్వకుండా కాలిస్తే ఎందుకు మారుస్తామో, అదే కారణంతో గాట్లింగ్ తన స్పేర్ బ్యారెళ్లన్నీ ముందే బిగించుకుని కూర్చుంది.

రెండోది, ఇది నాకు ఇంకా ముఖ్యం: గాట్లింగ్‌కి బలం తూటా నుంచి రాదు, బయట నుంచి వస్తుంది. మామూలు మెషిన్ గన్నులో పేలిన తూటా వెనక్కి కొట్టే దెబ్బతోనో, దాని గ్యాస్‌తోనో తర్వాతి తూటా నిండుతుంది. ఒక తూటా తుస్సుమంటే గన్ను ఆగిపోతుంది. మనిషి చేత్తో బోల్టు వెనక్కి లాగి దాన్ని బయటికి తియ్యాలి. గాట్లింగ్‌లో తుస్సుమన్న తూటా కూడా పిడి తిరుగుతుంటే ఖోకాలాగే బయట పడిపోతుంది, పక్క గొట్టం పేలుతుంది. అందుకే అసలు అర్థంలో ఇది ఆటోమేటిక్ గన్ను కాదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే పోయేది కాదు, చెరకు రసం బండి చక్రంలాగా తిప్పినంతసేపే పనిచేస్తుంది. అమెరికా చట్టంలో ఈ తేడా ఇప్పటికీ బతికే ఉంది. చేత్తో తిప్పే గాట్లింగ్ అక్కడ మెషిన్ గన్ కింద లెక్కకి రాదు, అదే గన్నుకి మోటార్ తగిలిస్తే లెక్కకి వస్తుంది. మీ ప్రశ్నకి సగం జవాబు ఈ పిడిలోనే ఉంది, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మొదటి మోడల్ అంత గొప్పగా లేదు. 1862 నాటికి ఇత్తడి ఖోకాతో వచ్చే తూటాలు ఇంకా కుదురుకోలేదు. అందుకని చిన్న చిన్న ఉక్కు గొట్టాల్లో మందు, గుండు కూరి, వెనక మందుని అంటించే టోపీ పెట్టి, వాటిని జడ్డిగంలో పోసేవాళ్లు. ఆ ఉక్కు గొట్టానికీ అసలు గొట్టానికీ మధ్య సందులోంచి గ్యాస్ లీకయ్యేది. దానికి తోడు మొదట చేసిన ఆరు గన్నులూ సిన్సినాటిలోని ఫ్యాక్టరీ తగలబడినప్పుడు బూడిదయ్యాయి. సైన్యంలో ఆయుధాల శాఖ పెద్ద జనరల్ రిప్లీకి కొత్త వస్తువంటేనే చిరాకు. గాట్లింగ్ పుట్టింది దక్షిణాదిన కాబట్టి ఉత్తరాది వాళ్లకి ఆయన మీద అనుమానం కూడా ఉండేది. చివరికి జనరల్ బెంజమిన్ బట్లర్ ఒక్కోటి వెయ్యి డాలర్ల చొప్పున 12 గన్నులు కొన్నాడు. 1864లో పీటర్స్‌బర్గ్ ముట్టడిలో కొన్ని పేలాయి. అంతర్యుద్ధంలో గాట్లింగ్ పాత్ర దాదాపు అంతే. ఈ 12 అంకె గుర్తుపెట్టుకోండి, సినిమాల దగ్గర పనికొస్తుంది.

1865లో లోహపు తూటాలకి తగ్గట్టు గన్నుని మార్చాక దశ తిరిగింది. 1866లో అమెరికా సైన్యం అధికారికంగా తీసుకుంది, తర్వాత కోల్ట్ కంపెనీ తయారీ చేపట్టింది. బ్రిటన్, రష్యా, ఇంకా చాలా దేశాలు కొన్నాయి. కానీ కొన్నవాళ్లెవరికీ దాన్ని ఎలా వాడాలో తెలియలేదు. పెద్ద చక్రాల బండి మీద ఉండేది గనక ఫిరంగి అనుకున్నారు. ఫిరంగుల పక్కన, వెనకాల ఎక్కడో పెట్టారు. అక్కడ నుంచి శత్రువు ఫిరంగి దీన్ని సులువుగా లేపేస్తుంది, దీని తూటా మాత్రం అంత దూరం గురిగా పోదు.

1876లో అమెరికా సైన్యాధికారి కస్టర్ సంగతి మీరు వినే ఉంటారు. స్థానిక తెగలతో పోరుకి లిటిల్ బిగ్‌హార్న్‌కి పోయే ముందు గాట్లింగ్ బ్యాటరీని (గన్నుల దళాన్ని) వెంట తీసుకుపొమ్మన్నారు, గుట్టలూ వాగులూ దాటడంలో ఆలస్యమవుతుందని ఆయన వద్దన్నాడు. జూన్ 25న ఆయనతో పోయిన దళం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. "గాట్లింగులు తీసుకుపోయి ఉంటే" అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా లెక్కలో అవి ఉంటే ఆయన ఆ రోజుకి అక్కడికి చేరేవాడే కాదు. ఆ బండ్లు లాగింది కూడా రౌతుల పనికి పనికిరావని పక్కనపెట్టిన గుర్రాలు.

జపాన్ కథ చాలామందికి తెలియదు. 1868 నాటి జపాన్ అంతర్యుద్ధం, బోషిన్ యుద్ధంలో నాగఒక సంస్థానం తరఫున పోరాడిన కవాయ్ త్సుగునొసుకె అనే సమురాయ్ రెండు గాట్లింగులు కొన్నాడు. వాటితో చక్రవర్తి సైన్యం మీద కాల్చాడు, ఓడిపోయాడు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

బ్రిటిష్ వాళ్లు 1879 జులైలో దక్షిణాఫ్రికాలో ఉలుందీ దగ్గర జూలూ తెగ మీద రెండు గాట్లింగులు వాడారు. ఆఫ్రికా యుద్ధాల్లో ఇలాంటి గన్ను ప్రస్తావన వచ్చే ఒక ప్రసిద్ధ ఇంగ్లీష్ కవిత ఉంది, అందులో ఎడారి యుద్ధంలో గాట్లింగ్ జామ్ అయిందనీ, కల్నల్ చనిపోయాడనీ వస్తుంది. ఆ కవితకి ఆధారమని చెప్పే యుద్ధం 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లియా. జామ్ అయింది నిజమే గానీ అది గాట్లింగ్ కాదు, గార్డ్‌నర్ గన్ను. అదీ పిడి తిప్పేదే, కానీ దాని గొట్టాలు తిరగవు, పక్కపక్కన ఉంటాయి. కవి ఒక్క పేరు మార్చి గాట్లింగ్‌కి నూటముప్పై ఏళ్ల చెడ్డపేరు తెచ్చాడు. గాట్లింగ్ జామ్ అవదని కాదు. ఉత్సాహంగా మరీ వేగంగా తిప్పితే పైన తూటా జారే లోపే బోల్టు వచ్చి దాన్ని అడ్డంగా నొక్కేస్తుంది. గొర్రుకి ఎద్దుల్ని పరిగెత్తిస్తే సాలులో గింజలు తప్పినట్టే.

గాట్లింగ్‌ని సరిగ్గా వాడినవాడు లెఫ్టినెంట్ జాన్ పార్కర్. అప్పటికి అది ముసలిది. 1898 జులై 1న క్యూబాలో శాన్ హువాన్ గుట్టల మీదికి అమెరికా సైన్యం ఎక్కుతున్నప్పుడు ఆయన తన గన్నుల్ని ఫిరంగులతో వెనకాల ఉంచకుండా కాల్బలంతో పాటు ముందుకి తెచ్చాడు. మూడు గన్నులు ఎనిమిదిన్నర నిమిషాల్లో 18,000 తూటాలు కాల్చాయని ఆయన లెక్క. భాగించి చూస్తే ఒక్కో గన్నుకి నిమిషానికి 700. చేత్తో తిప్పినదానికి ఇది చాలా ఎక్కువ. పై ఎత్తున కందకాల్లో ఉన్న స్పానిష్ సైనికులు తల ఎత్తలేకపోయారు, కింద నుంచి వీళ్లు ఎక్కేశారు. దాడిలో ఉన్న థియోడర్ రూజ్వెల్ట్ తర్వాత పార్కర్‌ని బాగా పొగిడాడు. మెషిన్ గన్నుని దాడికి తోడుగా వాడే పద్ధతి అక్కడ కళ్లకి కట్టింది.

కానీ అప్పటికే ఆట అయిపోయింది. 1884లో హైరమ్ మాక్సిమ్ లండన్‌లో తన గన్ను చూపించాడు. ఒకే గొట్టం, చుట్టూ నీళ్ల తొడుగు, తూటా వెనక్కి కొట్టే దెబ్బతోనే తర్వాతి తూటా నిండుతుంది. పిడి తిప్పే మనిషి అక్కర్లేదు. నలుగురు మోసుకుపోగలరు, నేలబారుగా పెట్టి దాక్కోవచ్చు. గాట్లింగ్ దగ్గర మనిషి నిలబడి పిడి తిప్పాలి, అంటే శత్రువుకి దిష్టిబొమ్మలా కనపడాలి. గాట్లింగ్ 1903లో చనిపోయాడు. 1911లో అమెరికా సైన్యం ఆయన గన్నుని పాతదని రాసి పక్కన పెట్టింది. మ్యూజియాలకి, పట్టణ కూడళ్లలో అలంకారానికి పోయాయి. ఇంగ్లీష్ సినిమాల్లో గూండాలు తుపాకీని "గ్యాట్" అంటారే, ఆ మాట మాత్రం మిగిలింది.

పోయే ముందు ఆయన ఒక పని చేశాడు. 1893లో పిడి తీసేసి ఎలక్ట్రిక్ మోటార్ పెట్టి నిమిషానికి 3,000 తూటాలు కాల్చే మోడల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పుడు ఎవరికీ అవసరం పడలేదు. గుర్రాల మీద యుద్ధం చేసేవాళ్లకి కరెంటు ఎక్కడిది, అంత వేగం ఎందుకు?

అవసరం ఆకాశంలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జెట్లు వచ్చాక గురిలో శత్రు విమానం ఉండేది ఒక్క సెకనో, అంతకన్నా తక్కువో. ఆ రెప్పపాటులో ఎన్ని గుళ్లు పంపగలిగితే అంత లాభం. ఒక్క గొట్టంతో అది కుదరదు, కరిగిపోతుంది. అమెరికన్లు మ్యూజియం నుంచి ఒక పాత గాట్లింగ్ తెచ్చి, దానికి మోటార్ తగిలించి తిప్పి చూశారు. ఆ ముసలి గన్ను కాసేపు నిమిషానికి 5,000 వేగంతో కాల్చింది. నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన సీన్ ఇదే, ఎవరూ సినిమా తియ్యలేదు. 1946లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి వల్కన్ ప్రాజెక్టు ఇచ్చారు. అందులోంచి వచ్చిందే ఎమ్61. ఆరు గొట్టాలు, 20 మిల్లీమీటర్లు, సెకనుకి వంద గుళ్లు. ఎఫ్-104 నుంచి ఎఫ్-16 దాకా అమెరికా యుద్ధ విమానాల్లో అదే. దాన్నే చిన్నది చేసి రైఫిల్ సైజు 7.62 తూటాకి కుదించి, 1960ల్లో వియత్నాంలో హెలికాప్టర్లకి బిగించారు. వల్కన్‌తో పోలిస్తే చిన్నది కాబట్టి దానికి మినీగన్ అని పేరొచ్చింది. లోపల విప్పి చూస్తే అదే ఇరుసు, అదే బోల్టుల వరస, అదే ఏటవాలు గాడి. పిడి ఉన్న చోట మోటార్ ఉంది, అంతే.

మన దగ్గరా ఈ వంశం ఉంది. ఎయిర్ ఫోర్స్‌లో 2019 డిసెంబర్‌లో రిటైరైన మిగ్-27కి పొట్ట కింద ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల గన్ను ఉండేది. పేలిస్తే విమానమే అదిరిపోయేదని దానికి పేరు. నేవీ ఓడల మీద ఏకే-630 ఉంది, ఓడ మీదికి దూసుకొచ్చే క్షిపణుల్ని ఆఖరి క్షణంలో కొట్టడానికి. రష్యన్లు ఇక్కడ ఒక తెలివైన పని చేశారు, మోటార్ కాకుండా పేలిన గుండు గ్యాస్‌తోనే గొట్టాల్ని తిప్పారు. నేను బయటి బలం గురించి అంత చెప్పాక మీరు ఈ పాయింట్ పట్టుకుంటారని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇక సినిమాలు. గాట్లింగ్ తెర మీద ఎక్కువ కనపడటానికి హంగు ఒక్కటే కారణం కాదు. అది షూటింగ్‌కి చాలా అనుకూలమైన గన్ను. బ్లాంక్ తూటాలో గుండు ఉండదు, అందుకని గొట్టంలో ఒత్తిడి నిలవదు. మామూలు మెషిన్ గన్నులో బ్లాంకు పెడితే ఒక్కటి పేలి ఆగిపోతుంది, గొట్టం మూతికి బిరడా లాంటిది బిగించి ఒత్తిడి నిలబెట్టాలి. గాట్లింగ్‌కి ఆ బాధ లేదు. తిప్పేది చెయ్యి, బ్లాంకు అయినా అసలుదైనా దానికి ఒకటే. పైగా నటుడికి చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది. ట్రిగ్గర్ నొక్కడంలో నటన ఏముంది? పిడి తిప్పడంలో కోపం, భయం, అలసట అన్నీ కనపడతాయి.

1976 నాటి ‘ది అవుట్‌లా జోసీ వేల్స్’ మొదట్లో లొంగిపోయిన మనుషుల్ని గాట్లింగ్‌తో కాల్చేస్తుంటే క్లింట్ ఈస్ట్‌వుడ్ వచ్చి ఆ గన్నునే వాళ్ల మీదికి తిప్పుతాడు. సీన్ గొప్పది. కానీ ఇందాకటి 12 అంకె గుర్తుచేసుకోండి. అంతర్యుద్ధంలో ఒక మారుమూల శిబిరంలో గాట్లింగ్ ఉండటం అంటే, మన ఊరి పోలీస్ స్టేషన్‌లో యుద్ధ ట్యాంకు ఉన్నట్టు.

ఇటలీ వాళ్లు తీసిన కౌబాయ్ సినిమాలు ఇంకో దారి. ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’లో విలన్ రామోన్ నది ఒడ్డున సైనికుల్ని కాల్చేదీ, 1966 ‘జాంగో’లో హీరో శవపేటికలోంచి తీసేదీ గాట్లింగులు కావు. ముందు నుంచి చూస్తే గొట్టాలు చాలా ఉంటాయి, తిరగవు. అప్పటి ఫ్రెంచ్ మిత్రయ్యూజ్ పోలికలతో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బొమ్మలు. అసలు మిత్రయ్యూజ్ ఫిరంగి అంత బరువు, పేటికలో పెట్టి ఈడ్చుకుంటూ పోతే చక్రాలు కావాలి. అయినా ఆ పేటిక మూత తెరిచే క్షణం కోసం నేను ఇవన్నీ క్షమించేస్తాను.

‘ది లాస్ట్ సమురాయ్’ నాకు కాస్త నొప్పి. కత్తులతో గుర్రాల మీద వచ్చే సమురాయ్‌లని గాట్లింగులు నరికేస్తుంటే, తిప్పే సైనికులే చివరికి తలలు వంచుతారు. కన్నీళ్లు వస్తాయి, నాకూ వచ్చాయి. కానీ ఆ సినిమా చెప్పినట్టు ఒకవైపు పాత కత్తి, ఒకవైపు కొత్త మర అని చరిత్ర చక్కగా విడిపోయి లేదు. పైన చెప్పిన కవాయ్ సమురాయే, గాట్లింగ్ కొన్నదీ అతనే, అదీ ఆ సినిమా కథాకాలానికి దాదాపు పదేళ్ల ముందు. ఇంకోటి పొగ. ఆ రోజుల్లో వాడింది నల్లటి తుపాకీ మందు. గాట్లింగ్ పది సెకన్లు తిరిగితే ముందున్నదంతా తెల్లటి పొగతో మూసుకుపోవాలి. సినిమా కెమెరాకి మొహాలు కావాలి కాబట్టి ఏ దర్శకుడూ అంత పొగ పెట్టడు.

ఇప్పుడు చేత్తో పట్టుకునే సంగతి. దీనికి మూలపురుషుడు 1987 ‘ప్రెడేటర్’. అందులో జెస్సీ వెంచురా అడవిలో మినీగన్ చేత్తో పట్టుకుని తిరుగుతాడు. షూటింగ్‌లో దానికి కరెంటు ఎలా ఇచ్చారో తెలుసా? అతని ప్యాంటు కాలు లోపల నుంచి కేబుల్ వేసి, తెర బయట ఉన్న కరెంటు మూలానికి కలిపారు. వేగం కూడా నిమిషానికి 1,250కి తగ్గించారు. లేకపోతే గొట్టాలు తిరుగుతున్నట్టు కెమెరాకి ఆనదు, మసకగా ఒక పీపాలా కనపడుతుంది. అసలు మినీగన్ 2,000 నుంచి 6,000 దాకా కాలుస్తుంది.

లెక్క వేద్దాం. ఆ కాలపు మినీగన్ ఒక్కటే 40 కిలోలకి దగ్గర. 7.62 తూటా ఒక్కోటి 24, 25 గ్రాములు. నిమిషానికి 3,000 చొప్పున అంటే ఒక్క నిమిషానికి 70 కిలోల పైచిలుకు తూటాలు మొయ్యాలి. దానికి తోడు 24-28 వోల్టుల బ్యాటరీ. ఇక ఆ వేగంలో వెనక్కి తోసే బలం, నేను వేసుకున్న లెక్కలో, సుమారు 60 కిలోల మనిషి మీ ఛాతీ మీద ఆగకుండా ఆనుకుని తోస్తున్నట్టు. నిలబడటమే కష్టం, గురి మాట దేవుడెరుగు. 1991 ‘టెర్మినేటర్ 2’లో ఆర్నాల్డ్ మినీగన్ పట్టుకుని పోలీసు కార్లని తునకలు చేస్తాడు, మనిషి ఒక్కడూ చావడు. అక్కడ నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే కథ ప్రకారం పట్టుకున్నది మనిషి కాదు, యంత్రం. 1999 ‘ది మేట్రిక్స్’లో నియో హెలికాప్టర్‌లోంచి మినీగన్ కాల్చే సీన్ ఇంకా సబబు. బరువు, కరెంటు, తోపు అన్నీ హెలికాప్టర్ మోస్తుంది. ఖోకాలు జలపాతంలా కిందికి రాలుతుంటాయి చూడండి, ఆ రాలే తీరు నిజానికి దగ్గర.

మీరు అడిగిన ‘ఖైదీ’ క్లైమాక్స్ గన్ను ఈ మినీగన్ జాతిదే. ఆ సీన్‌లో హీరో దాన్ని కాల్చే ఊపు బాగుంది. నా అలవాటు కొద్దీ బ్యాటరీ ఎక్కడుందా అని వెతికాను, మా అబ్బాయి "నాన్నా, నోరు మూసుకుని చూడు" అన్నాడు. ‘కేజీఎఫ్ 2’లో కన్నడంలో దొడ్డమ్మ అని పేరు పెట్టిన గన్నుని కూడా చాలామంది ఇందులో కలుపుతున్నారు, అది వేరే జాతి. ఒకే గొట్టం, బెల్టు తూటాలు. గాట్లింగ్ వైపు కాదు, మాక్సిమ్ తర్వాత వచ్చిన వైపు. ఎర్రగా కాలిన గొట్టానికి యశ్ సిగరెట్ అంటించుకుంటాడు కదా, అది అసాధ్యం కాదు. ఆగకుండా కాలిస్తే గొట్టం ఎర్రబడుతుంది. కానీ ఆ స్థితిలో ఆర్మరర్ మొహం ఆ గన్ను దగ్గర పెట్టడు. లోపల మిగిలిన తూటా వేడికి దానంతట అదే పేలే ప్రమాదం ఉంది, దాన్ని కుక్ ఆఫ్ అంటాం. గాట్లింగ్ ఆరు గొట్టాలు ఎందుకు పెట్టాడో ఎవరికైనా ఒక్క షాట్‌లో చెప్పాలంటే ఆ సిగరెట్ షాట్ చూపిస్తే చాలు. ‘యానిమల్’లో హోటల్ సీన్ గన్ను మాత్రం ఏ జాతిదీ కాదు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఉక్కుతో కట్టుకున్న సొంత సృష్టి. దాని బోల్టులు ఎక్కడ అని నన్ను అడక్కండి.

ఇక శబ్దం. సినిమాలో మినీగన్ "ధడధడధడ" అంటుంది. అసలు మినీగన్ పూర్తి వేగంలో అలా అనదు. సెకనుకి 50, 100 పేలుళ్లు చెవికి విడివిడిగా వినపడవు, అన్నీ కలిసి ఒకే గీతలా, మందపాటి గుడ్డని నిలువునా చింపినట్టు "బ్ర్ర్ర్" అంటుంది. రిటైరయ్యాక ఒకసారి ఒక సినిమా సెట్‌కి సలహాకి పిలిచారు. నేను ఈ మాటే చెప్పాను. సౌండ్ చూసే కుర్రాడు శ్రద్ధగా విని, అలాగే చేసి డైరెక్టర్‌కి వినిపించాడు. "ఏంటిది, మిక్సీ వేసినట్టుంది, మార్చండి" అన్నాడాయన. మార్చారు. నేను టీ తాగి ఇంటికొచ్చాను. డైరెక్టర్ తప్పని కూడా అనను, థియేటర్‌లో మిక్సీ శబ్దానికి ఎవరు విజిల్ వేస్తారు?

తిరిగే గన్నుని కళ్లారా చూడాలనుంటే అమెరికా పోనక్కర్లేదు. డిసెంబర్ 4 నేవీ డే రోజుల్లో విశాఖలో ఓడల్ని జనం చూడ్డానికి తెరిస్తే వెళ్లండి. ఓడ పైభాగంలో తెల్లగానో బూడిదరంగులోనో గుండ్రటి డబ్బా లాంటి టరెట్ లోంచి పొట్టి లావు గొట్టం ఒకటి బయటికొచ్చి ఉంటుంది. అది ఒక గొట్టం అనుకుని దాటిపోకండి. మూతి ఎదురుగా నిలబడి చూస్తే ఆరు కన్నాలు కనపడతాయి.